అందరికీ ఇచ్చిన చిరునామా

పొద్దున్నే కొట్టు తెరిచి కంప్యూటరు ముందు కూర్చోగానే, చదవని మెయిళ్ల పక్కన పెద్ద అంకె కనిపిస్తే నాకు కడుపు నిండిపోయేది. మీ దగ్గర దాపరికం దేనికి? ఆ మెయిళ్లలో మిర్చి కొనేవాళ్లవి ఎన్నో, మిర్చి పేరు చెప్పి నా దగ్గర డబ్బు లాగాలని చూసేవాళ్లవి ఎన్నో విడదీస్తే ఆ అంకె ఎంత చిన్నదైపోతుందో నాకు తెలుసు. అందుకే విడదీయలేదు. లోకమంతా మన కోసం వెతుకుతోందన్న నమ్మకం ఎంత తియ్యగా ఉంటుందో వ్యాపారం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మీరు వ్యాపారం చేయకపోయినా, ఫోను మోగితే ఎవరో మనల్ని తలుచుకున్నారనే కదా ముందు అనుకుంటారు!

మాది గుంటూరులో నాన్నగారి నాటి కమీషన్ కొట్టు. రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డులో అమ్మిపెట్టి, లెక్క రాసి, డబ్బు చేతిలో పెట్టి కమీషన్ తీసుకోవడమే పని. నాన్నగారు కొట్టు ఫోన్ నంబరు కూడా అవసరం ఉన్నవాళ్లకే చెప్పేవారు. కొట్టు నా చేతికొచ్చాక నాకు ఎగుమతుల మీద మోజు పుట్టింది. మన తేజ రకం మిర్చి చైనాకీ, మలేషియాకీ, థాయ్‌లాండ్‌కీ, శ్రీలంకకీ ఓడలెక్కి పోతుంటే మన బోర్డు మీద మాత్రం కమీషన్ ఏజెంట్లు అనే ఎందుకుండాలి అనిపించింది. కావలసిన లైసెన్సులన్నీ తీసుకున్నాను. సొంత డొమైన్ కొని వెబ్‌సైటు పెట్టించాను. ఇన్ఫో, సేల్స్, మార్కెటింగ్, సపోర్ట్ అని నాలుగు మెయిల్ చిరునామాలు పుట్టించాను. కొట్లో ఉన్నదేమో నేనూ, నాన్నగారి నాటి గుమస్తా గారూ, బిల్లులు కొట్టే కుర్రాడూ. అంటే ముగ్గురం మనుషులం, నాలుగు విభాగాలు. అవి చాలవన్నట్టు నా పేరుతో ఇంకొకటి, దాని కింద మేనేజింగ్ డైరెక్టర్ అని హోదా. మా సంస్థ కంపెనీ కూడా కాదు, ఒక్కడి పేరు మీద నడిచే కొట్టు. దానికి డైరెక్టరు ఎలా ఉంటాడని అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఆ చిరునామాలు వెయ్యని చోటు లేదు. వెబ్‌సైటులో ప్రతి పేజీ అడుగున ఎర్రటి అక్షరాల్లో వేయించాను. ఎగుమతిదారుల జాబితా అంటూ ఏది కనబడితే అందులో చేర్చాను. విజిటింగ్ కార్డులు, బస్తాల మీద ముద్ర, కొట్టు బోర్డు, కొత్త ఏడాది క్యాలెండర్లు, చివరికి మా గృహప్రవేశం పత్రిక అడుగున కూడా ఉంది ఆ సేల్స్ చిరునామా. భోజనానికి రండి అని పిలుస్తూ, మిర్చి కావాలంటే ఇక్కడ రాయండి అని చెప్పిన మనిషిని నేను.

డొమైన్ కొన్న రోజుల్లోనే ప్రమాదం గుర్తించాల్సింది. 2018కి ముందు డొమైన్ కొన్నవాళ్లలో చాలామంది పేరు, ఫోన్ నంబరు, మెయిలు హూయిజ్ అనే బహిరంగ పట్టికలో ఎవరికైనా కనిపించేవి. యూరప్‌లో వ్యక్తిగత సమాచార చట్టం అమల్లోకి వచ్చిన 2018 మే నెల తర్వాతే, ప్రపంచ డొమైన్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ వాటిలో ఎక్కువ భాగాన్ని మరుగుపరిచింది. నేను కొన్నది అంతకు ముందు. కొన్న మర్నాటి నుంచీ వెబ్‌సైటు చేసిపెడతామని ఊరు పేరు తెలియనివాళ్ల ఫోన్లు. అప్పటికప్పుడు నా పేరు ఇంతమందికి ఎలా తెలిసిందని ఆశ్చర్యపోవాల్సిన చోట నేను మురిసిపోయాను.

ఆ తర్వాత మెయిళ్లు మొదలయ్యాయి. మీ వెబ్‌సైటు గూగుల్ మొదటి పేజీలో రావడం లేదు, మేం తెప్పిస్తాం అని ఒకరు. మీ కంపెనీ పేరుతో మా దేశంలో వేరేవాళ్లు డొమైన్ తీసుకోబోతున్నారు, మీరు వెంటనే డబ్బు కడితే ఆపుతాం అని ఇంకొకరు. పది కంటైనర్ల మిర్చి కావాలి, ఆర్డరు వివరాలు జతచేసిన ఫైల్లో ఉన్నాయి అని మరొకరు. ఆ ఫైలు తెరిస్తే కంప్యూటర్లోకి దొంగ ప్రోగ్రాము దిగుతుందనీ, అందులో తరచుగా ఉండేది మన పాస్‌వర్డులు దొంగిలించేదనీ చాలా కాలం తర్వాత తెలిసింది. నా అదృష్టం బాగుండి మా పాత కంప్యూటర్లో ఆ ఫైలు తెరుచుకోలేదు.

నన్ను నిలువునా పట్టుకున్నది మాత్రం పురస్కారం. ఏదో దేశం నుంచి, ఏదో మండలి నుంచి, ఆసియాలో ఉత్తమ వాణిజ్యవేత్తల్లో ఒకరిగా మిమ్మల్ని ఎంపిక చేశామని మెయిలు. నా పేరు తప్పులేకుండా రాశారు. హోదా కూడా రాశారు. రాయరా మరి, నేనే కదా వెబ్‌సైటులో పెట్టింది! ఆ రాత్రి కూర్చుని నా జీవిత చరిత్ర రెండు పేజీలు ఇంగ్లీషులో రాసి పంపాను. జ్ఞాపిక, ప్రశంసాపత్రం, విందు ఖర్చుల కింద డాలర్లు కట్టమని మర్నాడే జవాబు. కట్టడానికి సిద్ధపడి మా ఆవిడకు చూపించాను. ఆవిడ నిదానంగా చదివి, "ఏవండీ, మిర్చి గురించి ఒక్క ముక్క లేదేంటి ఇందులో?" అంది. నాకు నోట మాట రాలేదు. డబ్బు కట్టలేదు గానీ, ఆ మెయిలును చాలా రోజులు పారేయలేకపోయాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. స్పామ్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ పంపేవాడి దురాశ గురించే మాట్లాడతాం. నిజమే, వాడిది దురాశే. కానీ ఆ మెయిలు వచ్చి నిలబడేది అందుకునేవాడి ఆశ మీద. నా ఆశను నేను వెబ్‌సైటులో ఎర్రక్షరాలతో రాసిపెట్టాను, వాడు చదువుకున్నాడు. ఇది ఒప్పుకోనంత కాలం నేను ఏ మందు వేసినా రోగం పెరుగుతూనే వచ్చింది. ఆ మందులేమిటో చెబుతాను, వినండి.

మొదట, ఎవరైనా కొనేవాడు స్పెల్లింగు తప్పు రాస్తే ఆ ఆర్డరు పోతుందేమోనని, మా డొమైన్‌లో ఏ పేరుకు రాసినా మాకే చేరేటట్టు పెట్టించాను. దాన్ని క్యాచ్-ఆల్ అంటారు. స్పామ్ పంపేవాళ్ల ప్రోగ్రాములు ఒక డొమైన్ దొరికితే ఉన్న పేర్లూ లేని పేర్లూ వేలకొద్దీ వరసగా ప్రయత్నిస్తాయట. మామూలుగా అయితే లేని పేర్లన్నీ గుమ్మంలోనే తిరిగి పోవాలి. మా దగ్గర ప్రతిదానికీ స్వాగతమే. జాన్‌కు, మేరీకి, మా కొట్లో ఏనాడూ పనిచేయని అకౌంట్స్ మేనేజర్‌కు, అందరికీ వచ్చే మెయిళ్లు నేనే చదివాను.

తర్వాత, రాసిన ప్రతివాళ్లకూ మర్యాదగా వెంటనే జవాబు పోవాలని ఆటోమేటిక్ జవాబు పెట్టాను. అందులో నా సెల్ నంబరు, ఇంటి నంబరు, ఇంకో మెయిలు కూడా ఇచ్చాను. ఈ చిరునామా బతికే ఉంది, ఇక్కడ మనిషి ఉన్నాడు అని ప్రతి స్పామర్‌కూ నేనే కబురు పంపుకున్నానన్నమాట. అంతకంటే పెద్ద అపచారం ఇంకొకటి జరిగింది. స్పామ్ మెయిళ్ల మీద ఉండే పంపినవారి చిరునామా చాలాసార్లు దొంగది, ఎవరో అమాయకుడిది. నా జవాబులు ఆ అమాయకుల పెట్టెల్లో పడ్డాయి. వాళ్లకు నేనే స్పామర్‌ని! వాళ్లు ఫిర్యాదు నొక్కారు. కొన్నాళ్లకు మా డొమైన్ నుంచి వెళ్లే నిజమైన కొటేషన్లు కూడా కొనుగోలుదారుల స్పామ్ ఫోల్డర్లో పడడం మొదలైంది.

పెరుగుతున్న చెత్తకు విరుగుడు అనుకుని, వచ్చిన ప్రతి చెత్త మెయిలు అడుగునా ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు శ్రద్ధగా నొక్కుతూ కూర్చున్నాను. తెలిసిన కంపెనీ, మనం ఎప్పుడో చేరిన జాబితా అయితే అది నొక్కడం సరైన పనే. 2024లో జీమెయిల్, యాహూ కూడా పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు పెట్టి తీరాలన్నాయి. కానీ ఎవడో తెలియనివాడు పంపినదాంట్లో ఆ లింకు నొక్కితే, ఇది చదివే మనిషి ఉన్నాడని వాడికి రుజువు దొరుకుతుంది. ఆ చిరునామాకు ధర పెరుగుతుంది. ఇంకొకడికి అమ్ముతాడు. నొక్కినకొద్దీ మెయిళ్లు పెరిగాయి. మెయిళ్లు పెరిగినకొద్దీ నేను నొక్కాను.

ఇక అసలు సంగతి. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ దాటేస్తే ఇదంతా రాసి ఉపయోగం లేదు. ఒక రోజు విసుగు నషాళానికి ఎక్కింది. కంప్యూటరు ముందు కూర్చున్నాను, ఫిల్టరు తెరిచాను, విషయం వరసలో అర్జెంట్ అన్న మాట ఉంటే తీసెయ్, ప్రైస్ అని ఉంటే తీసెయ్, ఎంక్వైరీ అని ఉంటే తీసెయ్, ఉచిత మెయిల్ ఖాతా నుంచి వచ్చిందా తీసెయ్, స్పామ్ ఫోల్డర్లో కూడా ఉంచకు, నేరుగా చెరిపెయ్ అని ఒకదాని మీద ఒకటి నియమాలు పెట్టేశాను, సేవ్ కొట్టాను, లేచి కాఫీ తాగాను, మర్నాడు చూస్తే పెట్టె ఖాళీ, ఆ మర్నాడూ ఖాళీ, జయించానని యార్డంతా చెప్పుకున్నాను, సీజను గడిచిపోయింది, అప్పుడు మలేషియా నుంచి ఫోను. అవతల తెలుగాయన. తాతల కాలంలో రబ్బరు తోటలకు వెళ్లిన కుటుంబం. "మూడుసార్లు రాశానండి. మనవాళ్లు కదా అని మీ దగ్గరే తీసుకుందామనుకున్నాను. జవాబు లేకపోయేసరికి వేరేవాళ్ల దగ్గర కొన్నాం" అన్నాడు. ఏ మెయిలు నుంచి రాశారని అడిగాను. జీమెయిల్ అన్నాడు. విషయం ఏమని పెట్టారని అడిగాను. అర్జెంట్ ప్రైస్ ఎంక్వైరీ అన్నాడు.

మిర్చి కొనేవాడు ధర కాకుండా ఇంకేం అడుగుతాడు? వ్యాపారి ఎదురుచూసే మాటలు ఏవో, సరిగ్గా ఆ మాటలే నేను చెరిపించాను. స్పామ్ రాసేవాడు ఆ మాటలు వాడేది అవి నిజమైన కొనుగోలుదారుడి మాటలు కాబట్టే. ఈ చిన్న విషయం నాకు తట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయిన డబ్బు గురించి కాదు, మనవాళ్లు కదా అన్న ఆయన మాట గురించి.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో మెయిల్ సర్వర్లు నడిపే ఉద్యోగం చేస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పాను. కోప్పడుతుందనుకుంటే ముందు ఒక చరిత్ర చెప్పింది. 1978 మే నెలలో అమెరికాలో డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చేసే గ్యారీ థర్క్ అనే ఆయన, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని అప్పటి కంప్యూటర్ల నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి మెయిలు పంపించాడట. స్పామ్ చరిత్రలో మొదటిదిగా చెప్పుకునేది అదే. ఆ చిరునామాలు ఆయనకు దొరికింది అచ్చులో ఉన్న డైరెక్టరీలో. "చూశావా బాబాయ్, మొట్టమొదటి స్పామే జాబితాలో అచ్చు వేసిన చిరునామాలకు వెళ్లింది. నువ్వేమో దొరికిన ప్రతి జాబితాలో పేరు వేయించావు" అంది.

ఇంకా చెప్పింది. 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్లు 250 కొత్త చిరునామాలు సృష్టించి ఇంటర్నెట్‌లో 175 చోట్ల పెట్టి చూశారట. వెబ్ పేజీల్లో పెట్టినవాటిలో 86 శాతానికి స్పామ్ వచ్చింది. పేజీలను తిరగేస్తూ ఎట్ గుర్తు ఎక్కడుందా అని వెతికి ఏరుకునే ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2142 అనే ఇంటర్నెట్ పత్రం ఇన్ఫో, సేల్స్, మార్కెటింగ్, సపోర్ట్ లాంటి పేర్లు అందరూ ఒకే తీరుగా వాడితే మంచిదని చెప్పింది. అది మేలు కోసం చెప్పిందే. కానీ ఆ పేర్లు ఊహించడానికి ఏరుకునే పని కూడా లేదు. నా నాలుగు విభాగాలూ అచ్చంగా అవే!

"అయితే చిరునామా దాచేయనా?" అన్నాను.

"దాచమనట్లేదు బాబాయ్. వ్యాపారం అన్నాక కొట్టు ముందు బల్ల వేయాల్సిందే. ఇనప్పెట్టె తాళాలు కూడా ఆ బల్ల మీదే పెట్టావు, నా బాధ అది."

ఆ ఒక్క మాటతో నా తలలో చిక్కు విడిపోయింది. బయటివాళ్లు రాయడానికి ఒక చిరునామా, మేం పని చేసుకోవడానికి వేరే చిరునామా. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను కాబట్టి బయట పెడితే చెత్త, మూస్తే వ్యాపారం నష్టం, మధ్యలో నేను.

ఆ పండగ మూడు రోజులూ అరిసెలు తింటూ ఆ పిల్ల మా మెయిలు సర్దింది. వెబ్‌సైటులో ఎర్రక్షరాలు పోయి ఒక ఫారం వచ్చింది. పేరు, దేశం, ఏ రకం కాయ, ఎన్ని టన్నులు, ఏ రేవుకు అని అడుగుతుంది. అందులో మనుషులకు కనబడని గడి ఒకటి దాచిపెట్టింది. ప్రోగ్రాములు కనబడినవీ కనబడనివీ అన్ని గడులూ నింపుతాయి, ఆ గడి నిండి వచ్చిందంటే అది మనిషి పంపింది కాదు. ఎన్ని టన్నులు, ఏ రేవుకు అన్న ప్రశ్నలు పెట్టించింది నేనే. మిర్చి వ్యాపారం తెలిసినవాడు వాటికి తడుముకోడు. తెలియనివాడు రాసే జవాబు గుమస్తా గారు చూడగానే పట్టేస్తారు. ఫారం నింపడానికి బద్ధకించేవాళ్ల కోసం ఒక చిరునామా కూడా ఉంచింది, అది పేజీ లోపలి అక్షరాల్లో నేరుగా ఉండదు, మనిషి నొక్కితేనే తెర మీదికి వస్తుంది. 2003లో ఒక అమెరికన్ సంస్థ పరీక్షించినప్పుడు ఎట్ గుర్తు బదులు మాటల్లో విడదీసి రాసిన చిరునామాలకు స్పామ్ రాలేదట. ఇప్పటి ప్రోగ్రాములు కొన్ని ఆ పాత చిట్కాను ఛేదిస్తాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఎక్కడ ఇచ్చే చిరునామా అక్కడికే ప్రత్యేకం. విజిటింగ్ కార్డుకు ఒకటి, ఎగ్జిబిషన్‌కు ఆ ఏడాది అంకె కలిపి ఒకటి, ఒక్కో జాబితాకు ఒక్కొక్కటి. అన్నీ వచ్చి పడేది గుమస్తా గారి పెట్టెలోనే. జీమెయిల్ వాడేవాళ్లకు డొమైన్ కూడా అక్కర్లేదు, మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా మనకే చేరుతుంది. ఒక జాబితా కోసం పెట్టిన చిరునామాకు కొద్ది రోజుల్లోనే పురస్కారాల మెయిళ్లు మొదలయ్యాయి. ఎక్కడి నుంచి పోయిందో వెంటనే తెలిసింది, ఆ ఒక్కటీ మూసేశాం. మిగతావాటికి ఏమీ కాలేదు.

క్యాచ్-ఆల్ ఒక్కసారిగా తీయలేదు. నెల రోజులు ఆ మెయిళ్లన్నీ వేరే పెట్టెలోకి మళ్లించి, నిజంగా స్పెల్లింగు తప్పుతో రాసిన కొనుగోలుదారులు ఉన్నారేమో చూడమంది. ఒకరిద్దరు ఉన్నారు కూడా. వాళ్లు రాసిన తప్పు పేర్లనే అసలు పేర్లుగా చేర్చి, మిగతాదంతా మూసేసింది. ఆటోమేటిక్ జవాబు తీసేసింది. నా నియమాలన్నీ చెరిపేసి, అనుమానమున్నదేదైనా చెరపకుండా స్పామ్ ఫోల్డర్లో ఉంచి రోజూ ఒకసారి మనిషి కళ్లతో చూడమంది. గుమస్తా గారు ఆ బాధ్యత తీసుకున్నారు. "అబ్బాయిగారూ, టిక్కీలో చెయ్యి పెట్టి తాలు కాయ తీసే పనేగా, నేను చూస్తాను" అన్నారు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. అయినా నాకంటే బాగా ఏరుతున్నారు, ఎందుకంటే ఆయన పొగడ్తలు చదవరు, టన్నులు ఎక్కడున్నాయో చూస్తారు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఏర్పాట్లు కూడా చేసింది. అవి నాకు వచ్చే చెత్తను పెద్దగా తగ్గించవు, నా పేరు పెట్టుకుని ఇంకొకడు పంపే దొంగ మెయిళ్లను అవతలి సర్వర్లు పట్టుకునేలా చేస్తాయి. మన బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి అని కొనుగోలుదారుడికి మన పేరుతో దొంగ మెయిలు వెళితే ఒక్క కంటైనరు డబ్బుతో కొట్టు మూసుకోవాలి. అందుకే ఖాతా వివరాలు మారాయని ఎవరు రాసినా, మనకున్న పాత నంబరుకు ఫోను చేసి కనుక్కోకుండా రూపాయి కదలకూడదన్న నియమం గోడ మీద అంటించింది. దాని పక్కనే సైబర్ మోసాలకు 1930 నంబరు.

చట్టం ఏమీ చేయదా అని అడిగాను. మన దేశంలో వాణిజ్య ఫోన్లకూ ఎస్సెమ్మెస్‌లకూ 2018 నాటి ట్రాయ్ నిబంధనలు ఉన్నాయి, మెయిలు స్పామ్‌కు విడిగా చట్టం లేదట. అమెరికాలో 2003లోనే ఒకటి చేశారు. 2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి వర్తించదట. ఇది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. చిన్న వ్యాపారి తన ఊరూ పేరూ బయట పెట్టుకోకపోతే బతకలేడు. కొనేవాడి కోసం పెట్టిన చిరునామాను దోచుకునేవాడు వాడుకుంటే, నువ్వే కదా పెట్టావు అనడం న్యాయం కాదు. నేను నా మోజు కొద్దీ పది చోట్ల ఎక్కువ పెట్టి ఉండొచ్చు, నా పక్క కొట్లలో ఏ మోజూ లేనివాళ్లు కూడా ఇదే బాధ పడుతున్నారు. దీనికి గట్టి చట్టం రావాలి.

మలేషియా ఆయనకు నేనే ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వచ్చే సీజనుకు శాంపిళ్లు పంపమన్నాడు. తేజ ఒక కిలో, 334 రకం ఒక కిలో పంపాను. కొంటాడో లేదో కాయ చూసి ఆయన తేల్చుకుంటాడు.

మొన్న యార్డులో మా పక్క కొట్టాయన తన ఫోను చూపించి, రోజుకు ఎన్ని మెయిళ్లు వస్తున్నాయో చూడండి అన్నాడు. ఆయన కళ్లలో ఆ వెలుగు నాకు బాగా తెలుసు. పురస్కారం వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నాడు. డబ్బు కట్టారా అని అడిగితే రేపు కడతానన్నాడు. ఆగమని చెప్పి, నాలాగే ఆయన కూడా పెట్టుకున్న ఆటోమేటిక్ జవాబు ముందు తీసేయండి అన్నాను. సెల్ నంబరు ఒక్కటీ తీసి మిగతాది ఉంచితే సరిపోదా అని బేరమాడాడు. సరిపోదని చెప్పి, అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, మొత్తం తీయించి గానీ లేవలేదు.